ప్రత్యేక అవసరాలు గల పిల్లల విద్య - స్థానిక సంస్థల బాధ్యతలు

ఆంధ్రప్రదేశ్‌లోని సర్కారు బడులలో అత్యధిక భాగం మండల పరిషత్, జిల్లా పరిషత్, పురపాలక సంఘాల పేరనే నడుస్తున్నాయి. అందువలన ప్రత్యేక అవసరాలు గల బాలబాలికల చదువు కేవలం విద్యాశాఖకు చెందిన వ్యవహారం కాదు. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 11వ షెడ్యూలులో 17వ అంశం ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలకు సంబంధించినది కాగా, 26వ అంశం వికలాంగుల సంక్షేమంతో కూడిన సాంఘిక సంక్షేమానికి సంబంధించినది. పురపాలక సంఘాలకు 12వ షెడ్యూలు 9వ అంశం ఇదే బాధ్యతను నిర్దేశిస్తున్నది.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం తమ పరిధిలో నివసించే 14 సంవత్సరాలలోపు పిల్లలందరి వివరాలతో రికార్డు నిర్వహించడం స్థానిక సంస్థల విధి. బడిలో చేరిన పిల్లల పేర్లు హాజరుపట్టీలో ఉంటాయి. ఇల్లు కదలలేని బిడ్డ పేరు ఈ రికార్డులోనైనా లేనిపక్షంలో ఉపకరణం, భత్యం, ఉపాధ్యాయుని సందర్శన ఏదీ ఆ గడపకు చేరదు. ఇంటింటి సర్వే సమయంలో "బడికి వెళ్లే పిల్లలు ఎందరు?" అని మాత్రమే ప్రశ్నించడం వలన ఇటువంటి పేర్లు జారిపోయే అవకాశం ఉంది.

2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఈ బాధ్యతను మరింత విస్తరించింది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, ఈ చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి వీటిలో ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి గల విద్యార్థి చూపులకు తోటివారి వలెనే ఉంటాడు. తరచు గైర్హాజరు కావడాన్ని నిర్లక్ష్యంగా భావించక, కారణం విచారించవలసి ఉంటుంది.

చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు వివక్ష లేకుండా ప్రవేశం కల్పించాలి; భవనం, ఆవరణ అందుబాటుగా ఉండాలి; అభ్యసన వైకల్యాలను సత్వరమే గుర్తించాలి. ప్రవేశానికి వైద్య ధ్రువపత్రాన్ని ఈ సెక్షన్ షరతుగా పేర్కొనలేదు. 40 శాతం, ఆపైన వైకల్యం నిర్ధారణ అయిన పిల్లలకు 31వ సెక్షన్ కింద 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య, 17వ సెక్షన్ కింద 18 ఏళ్ల వరకు ఉచిత పుస్తకాలు, ఉపకరణాలు లభిస్తాయి. అనగా ధ్రువపత్రం ఈ ప్రయోజనాలకు అవసరమే గాని, బడి గుమ్మం దాటడానికి కాదు. క్షేత్రస్థాయిలో ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన తల్లిదండ్రులు ముందు ఆసుపత్రికి, ఆ తరువాత బడికి తిరుగుతూ విద్యాసంవత్సరం నష్టపోయే ప్రమాదం ఉంది. ధ్రువపత్రాలు 2021 జూన్ 1 నుండి కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్ ద్వారానే జారీ అవుతున్నాయి.

మండల స్థాయిలో ఈ పిల్లలకు ప్రధాన ఆధారం భవిత కేంద్రాలు. సహిత విద్యా రిసోర్స్ పర్సన్లు ఇక్కడ బోధనతో పాటు దైనందిన నైపుణ్యాలు నేర్పుతారు. ఫిజియోథెరపీ సేవలు కూడా అందుతాయి. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి బోధించడం కూడా వీరి విధులలో భాగమే. 2012 ఆగస్టు 1 నుండి అమలైన సవరణ ద్వారా బహుళ లేదా తీవ్ర వైకల్యం గల పిల్లలకు గృహ ఆధారిత విద్యను ఎంచుకునే హక్కు లభించింది. ఎంపిక కుటుంబానిదే. బడిలో కూర్చోగల విద్యార్థిని ఈ నిబంధన పేరుతో ఇంటికి పరిమితం చేసే అధికారం ప్రధానోపాధ్యాయునికి గాని, మండల అధికారులకు గాని లేదు.

సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్క విద్యార్థికి ఏటా 3,500 రూపాయల వరకు సహాయం, బాలికలకు 1 నుండి 12వ తరగతి వరకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలల ఉపకార వేతనం నిర్ణయమైనవి. పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సహాయం, ద్వితీయ, తృతీయ భాషల నుండి మినహాయింపు వంటి సవరణలు 17వ సెక్షన్‌లో ఉన్నాయి.

ప్రత్యేక ఉపాధ్యాయుల విషయమై సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న తీర్పు వెలువరించింది. దరిమిలా 2022లో ప్రాథమిక స్థాయిలో 10 మంది, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మంది ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్రం నోటిఫై చేసింది. పోస్టుల మంజూరును ప్రకటించవలసిందిగా 2025 మార్చి 7న న్యాయస్థానం రాష్ట్రాలను మరల ఆదేశించింది. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టులలో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ప్రత్యేక విద్యకు చెందినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరయ్యాయి.

ప్రవేశం నిరాకరించిన సందర్భాలలో జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలోని నోడల్ అధికారిని సంప్రదించవచ్చు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం 6 నుండి 14 ఏళ్ల పిల్లల విషయంలో స్థానిక సంస్థకే లిఖితపూర్వక ఫిర్యాదు చేయవచ్చును. ఉభయ పక్షాల వాదన విని 3 నెలలలోగా పరిష్కరించాలి. ఆ నిర్ణయంపై రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చును.