గుడి దాటి ఇంటికొచ్చిన దేవుళ్లు

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాత ఇళ్లలో, దేవుని అర్రలో అద్దం బిగించిన పటాలు మనమందరం చూసినవే. వాటి చరిత్ర తెలుసుకోదగినది.

నిర్మల్ నకాషీలు పురాణగాథలను చెక్కమీద చేత్తో చిత్రించేవారు. ఒక్కో బొమ్మకు ఎంతో శ్రమ. అందరికీ అందేది కాదు. ఆ కొరత తీర్చినది అచ్చు. కేరళలోని కిళిమానూరులో జన్మించిన రాజా రవివర్మ (1848-1906) 1894లో బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పారు. తరువాత అది లోనావాలా సమీపంలోని మలవలికి మారింది.

అది రాతి అచ్చు. నునుపు చేసిన సున్నపురాతిపై జిడ్డు సిరాతో బొమ్మ గీసి, రాతిని తడుపుతారు. తడి ఉన్నచోట రంగు అంటదు, జిడ్డు ఉన్నచోటే అంటుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. అలా శకుంతల, దమయంతి, లక్ష్మి, సరస్వతి వేలాది ప్రతులుగా వెలువడ్డారు. 1913లో 'రాజా హరిశ్చంద్ర' సినిమా తీసిన ఫాల్కే కూడా అంతకుముందు ఆ ముద్రణాలయంలో పనిచేసినవారే.

గుడి గడప తొక్కనివ్వని కులాలవారి ఇంటి గోడమీదికి కూడా దేవుడు వచ్చాడు. పూజారి అనుమతి అక్కరలేకుండా దీపం పెట్టుకోగలిగారు. ఈ పటాలు చేసిన అసలు మేలు ఇదే.

1972లో ఆ ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. కనుక పెద్దలారా, పాత ఇల్లు విప్పేటప్పుడు పటం అడుగున రవివర్మ ముద్రణాలయం పేరుందేమో చూడండి. తడిగుడ్డతో తుడవకండి. మనుమలకు చూపి, దాని కథ చెప్పండి.