బాలూకు దక్కని కెప్టెన్సీ

స్వర్ణోత్సవ సంచికకు ఆటల గురించి ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగారు. పదో తరగతిలో నేను మన స్కూలు క్రికెట్ జట్టు కెప్టెన్‌ని కాబట్టి, గెలిచిన మ్యాచ్‌ల కబుర్లు రాస్తానని వారు అనుకుని ఉండవచ్చు. నేను రాయబోయేది ఇంకొకరికి దక్కని కెప్టెన్సీ గురించి. నూరేళ్ల పైచిలుకు కిందట పూనా, బొంబాయి మైదానాల్లో దేశంలోకెల్లా మేటి బౌలర్ అనిపించుకున్న ఒక మనిషి కథ ఇది. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు పూనాలో ఉన్నప్పుడు చరిత్రకారుడు రామచంద్ర గుహ రాసిన భారత క్రికెట్ చరిత్ర చదివాను. అందులో ఈ కథ చదివాక మన బడిలో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చి చాలా రోజులు మనసులో మెదిలింది. ముందు చరిత్ర చెప్పి, తర్వాత ఆ సంగతికి వస్తాను.

పిచ్ ఊడ్చిన కుర్రాడు

పల్వంకర్ బాలూ 1876లో ధార్వాడలో పుట్టారు. చర్మకార కులం. ఆనాటి సమాజం లెక్కలో అంటరానివారు. తండ్రి సైన్యంలో చిన్న ఉద్యోగి కావడంతో కుటుంబం పూనాలో ఉండేది. దొరలు వాడి వదిలేసిన సామానుతో బాలూ, ఆయన తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు. చదువు ఎంతో దూరం సాగలేదు. మొదట పార్శీల క్రికెట్ క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగే పనిలో చేరారు. తర్వాత, 1892 ప్రాంతంలో, దొరల పూనా క్లబ్బుకు మారారు. జీతం నెలకు 4 రూపాయలు. వలలు కట్టాలి, గీతలు గీయాలి, సభ్యులు ప్రాక్టీసు చేసుకుంటుంటే బంతులు వేయాలి.

ఎడమచేతి వాటం, నెమ్మది బంతి. అది ఎటు తిరుగుతుందో బ్యాటు పట్టినవాడికి అందేది కాదు. ఆ రోజుల్లో మన దేశంలో ఉన్న తెల్లవాళ్లలో పేరుమోసిన బ్యాట్స్‌మన్ జె.జి.గ్రెగ్. ఆయన అందరికన్నా ముందే మైదానానికి వచ్చి బాలూ చేత బంతులు వేయించుకునేవారట. తనను అవుట్ చేసిన ప్రతిసారీ అర్ధరూపాయి ఇచ్చేవారని కూడా చెప్పుకుంటారు. ఎన్ని వేల బంతులు వేసినా ఆ క్లబ్బులో బాలూ చేతికి మాత్రం బ్యాటు రాలేదు. బంతి వేయడం కూలిపని, బ్యాటు పట్టడం దొరతనం. ఆటలోనూ అలా అంతస్తులు ఉండేవి.

బంతి అంటుకోవచ్చు, కప్పు అంటుకోరాదు

పూనాలోని హిందువులు తమ క్లబ్బు పెట్టుకుని దొరలను ఓడించాలని తహతహలాడుతున్న కాలం అది. దొరలకే కొరకరాని కొయ్యగా మారిన బౌలర్ ఊళ్లోనే ఉన్నాడు. అతణ్ని జట్టులోకి తీసుకోవాలా, వద్దా? దీనిమీద క్లబ్బులో పెద్ద చర్చ జరిగింది. కొందరు తెలుగు సభ్యులు తీసుకుందామన్నారనీ, స్థానిక బ్రాహ్మణ సభ్యులు ఒప్పుకోలేదనీ గుహ రాశారు. చివరికి, బాలూను వదులుకుంటే హిందువులకే నష్టమని గ్రెగ్ పత్రికాముఖంగా అన్న తర్వాత తలుపు తెరుచుకుంది.

సగమే తెరుచుకుంది. మైదానంలో బాలూ పట్టిన బంతినే మిగతా పదిమందీ పట్టుకునేవారు. టీ వేళకు మాత్రం ఆయన పెవిలియన్ బయట నిలబడాలి. మిగతావారికి పింగాణీ కప్పులు, ఆయనకు తాగి పారేసే మట్టి ముంత. భోజనానికి వేరే బల్ల, వేరే పళ్లెం. ముఖం కడుక్కోవాలంటే ఆయన కులంవాడే అయిన నౌకరు మైదానం మూలకు నీళ్లు తెచ్చి పోయాలి.

ఆయన వికెట్లు తీస్తూ పోయారు. సతారాలో తెల్లవాళ్ల జింఖానాతో ఆడినప్పుడు, ఆయన బంతి తిరగకుండా చేయాలని ఆతిథేయులు రోజుల తరబడి పిచ్‌ను రోలర్‌తో అణగదొక్కించారట. అయినా బాలూ ఏడు వికెట్లు తీశారు, హిందువులు గెలిచారు. రానడే, తిలక్ వంటి పెద్దలు సభల్లో ఆయనను గౌరవించారు. గెలుపు మీద గెలుపు వచ్చేకొద్దీ పూనాలో పంక్తి భోజనం నియమం కొంత సడలింది.

1906, 1911

తర్వాత బాలూ బొంబాయి చేరి రైల్వేలో ఉద్యోగం చేస్తూ హిందూ జింఖానాకు ఆడారు. బొంబాయిలో అప్పటి జట్లు మతాల వారీగా ఉండేవి. యూరోపియన్లు, పార్శీలు ముందునుంచీ ఆడుతుంటే 1907లో హిందువులు చేరి ముక్కోణపు పోటీ అయింది. 1912లో ముస్లింలతో నాలుగు జట్లయ్యాయి. 1937లో ‘మిగతావారు’ అనే అయిదో జట్టు వచ్చింది. 1946 వరకు ఈ పోటీలు సాగాయి.

1906 ఫిబ్రవరిలో బొంబాయి జింఖానా మైదానంలో హిందువులు యూరోపియన్లతో తలపడ్డారు. ఆ జింఖానాలో భారతీయులకు సభ్యత్వం లేదు. హిందువులు 242, 160 పరుగులు చేశారు. యూరోపియన్లు 191, 102 పరుగులకు అవుటయ్యారు. 109 పరుగుల గెలుపు. రెండో ఇన్నింగ్స్‌లో దొరలను చుట్టబెట్టింది ప్రధానంగా బాలూయే. కులకట్టుబాట్ల నుంచి బయటపడే దారిలో ఇదొక మైలురాయి అని సంఘసంస్కరణ పత్రికలు హర్షించాయి.

1911లో పాటియాలా మహారాజా భూపిందర్ సింగ్ నాయకత్వంలో అఖిల భారత జట్టు ఇంగ్లండు వెళ్లింది. ఆ పర్యటనలో జట్టు చాలా మ్యాచ్‌లు ఓడింది. కానీ బాలూ అన్ని మ్యాచ్‌లలో కలిపి, వికెట్‌కు 19 పరుగులైనా ఇవ్వకుండా 114 వికెట్లు తీశారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. బౌలర్ వయసు లెక్కన సాయంకాలమే. తిరిగి వచ్చాక బొంబాయిలో అణగారిన కులాలవారు ఆయనకు సన్మానం చేశారు. ఆ సభలో ఇచ్చిన మానపత్రం రాసినది అప్పటికింకా విద్యార్థిగా ఉన్న అంబేడ్కర్ అని గుహ పేర్కొన్నారు.

నాయకత్వం దగ్గర ఆగిన దారి

జట్టులో ఆయనే పెద్ద, ఆయనే అనుభవశాలి, ఆయనే గెలిపించేవాడు. నాయకత్వం మాత్రం ఏటా పక్కనుంచి వెళ్లిపోయేది. 1913లో కెప్టెన్ అయిన ఎం.డి.పాయ్ తనకు జరిగిన సన్మానంలోనే, ఈ గౌరవం న్యాయంగా బాలూకు చెందాలని చెప్పారు. అయినా ఎంపిక చేసేవారు వినలేదు.

1920 పోటీలు వచ్చాయి. నలభై దాటిన బాలూను జట్టు నుంచే తప్పించారు. పాయ్ అనారోగ్యంతో మొదటి మ్యాచ్‌కు రాలేకపోతే, బాలూ తమ్ముడు విఠల్‌ను కాదని, ఆయనకన్నా జూనియరైన డి.బి.దేవధర్‌కు నాయకత్వం అప్పగించారు. విఠల్, శివరాం ఇద్దరూ జట్టు నుంచి తప్పుకుని, తమ కులమే ఇందుకు కారణమని పత్రికలకు లేఖ రాశారు. జనంలో కలకలం రేగింది. తర్వాతి మ్యాచ్‌కు అన్నదమ్ములను బతిమాలి వెనక్కు తెచ్చారు. బాలూను వైస్ కెప్టెన్ చేశారు. పాయ్ కొంతసేపు మైదానం వదిలి వెళ్లి జట్టును ఆయన చేతికిచ్చారు. పాతికేళ్ల ఆటకు బాలూకు దక్కిన నాయకత్వం ఆ కొద్ది గంటలే.

1923లో విఠల్ కెప్టెన్ అయ్యారు, హిందువులు ఆ ఏడాది కప్పు గెలిచారు. అన్నకు మూసిన తలుపు తమ్ముడికి తెరుచుకుంది. తెరిచింది ఎవరి దయా కాదు, 1920లో ఆ ఇద్దరూ ఆడం అని కూర్చోవడమే. బాలూ తర్వాత రాజకీయాల్లోకి వచ్చి 1932 పూనా ఒప్పందంపై సంతకం చేశారు. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అంబేడ్కర్‌పైనే నిలబడి ఓడిపోయారు. 1955లో కన్నుమూశారు.

మన వైపు నుంచి ఒక కెప్టెన్

అర్హత ఉన్నా నాయకత్వం అందని మనిషి కథ ఇది. అర్హత లేకపోయినా అందిన కథ కూడా మన క్రికెట్‌లో ఉంది. అందులో ముఖ్యపాత్ర విజయనగరం రాజకుమారుడు, ‘విజ్జీ’గా పేరుపడ్డ విజయానంద గజపతి. ఆటంటే ఆయనకు నిజంగానే ప్రాణం. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాళ్లను సొంత ఖర్చుతో ఇక్కడికి రప్పించారు. కానీ 1936లో ఇంగ్లండు పర్యటనకు కెప్టెన్ అయింది ఆటను బట్టి కాదు, హోదాను బట్టి. జట్టులో సి.కె.నాయుడు ఉండగా జరిగిన సంగతి ఇది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి మొత్తం 33 పరుగులు. మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో వెనక్కు పంపేశారు. తర్వాత జరిగిన విచారణ అమర్‌నాథ్ తప్పు లేదని తేల్చింది.

దీనికి నాలుగేళ్ల ముందు, 1932లో, కెప్టెన్‌గా వెళ్లిన పోర్‌బందర్ మహారాజా తన ఆట టెస్టు స్థాయిది కాదని గ్రహించి తప్పుకున్నారు. లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు, తెలుగు కుటుంబంలో పుట్టి నాగపూర్‌లో పెరిగిన సి.కె.నాయుడు నాయకత్వం వహించారు. ఆ మహారాజా ఆ పర్యటనలో చేసిన పరుగులు ఎవరికీ గుర్తులేవు. తప్పుకోవడం మాత్రం చరిత్రలో నిలిచింది.

క్రీడల్లో అన్యాయం అనగానే మనకు డబ్బు తీసుకుని ఓడిపోవడం, మందులు వాడి పరుగెత్తడం, వయసు తగ్గించి రాయించడం గుర్తొస్తాయి. అవన్నీ నియమాలు తప్పడం. బాలూ విషయంలో ఆట నియమం ఒక్కటీ తప్పలేదు. అంపైర్ సరిగ్గానే వేలెత్తాడు, స్కోరరు సరిగ్గానే రాశాడు. అన్యాయమంతా నియమాలు లేనిచోట జరిగింది: టీ బల్ల దగ్గర, ఎంపిక సంఘం గదిలో. అందుకే దాన్ని అన్యాయమని గుర్తించడానికి అంతకాలం పట్టింది.

ఇక మన బడి సంగతి

1983లో మన దేశం ప్రపంచ కప్పు గెలిచింది. ఆ ఏడాదే మనకు మొదటిసారి కిట్ వచ్చింది. కొనిచ్చింది మా నాన్నగారు. కెప్టెన్‌ని నేనయ్యాను. ఈ రెండు వాక్యాల మధ్య సంబంధం అప్పట్లో నాకు తట్టలేదంటే అబద్ధమే అవుతుంది. మా జట్టులో మ్యాచ్‌లు గెలిపించినవాడు వేరే ఉన్నాడు. ఊరి చివరి పేట నుంచి చెప్పుల్లేకుండా నడిచి వచ్చి, ఉత్తికాళ్లతోనే బౌలింగ్ చేసేవాడు. ఎవరెక్కడ నిలబడాలో కూడా అతనే చెప్పేవాడు, నేను తలూపేవాణ్ని.

పొరుగూరిలో ఒక మ్యాచ్ గెలిచాం. అతనికి ఆరు వికెట్లు. ఆ ఊరి పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి మాకు గ్లాసులతో మజ్జిగ ఇప్పించారు. అతన్ని మాత్రం, “నువ్వు ఫలానా వాళ్ల అబ్బాయివి కదూ, ఇటు రా” అని కిందికి పిలిచి దోసిట్లో పోయించారు. అతను వంగి తాగాడు. పదిమందిమి చూశాం. ఒక్కరమూ గ్లాసు కింద పెట్టలేదు. కెప్టెన్‌ని కదా, నేను పెట్టి ఉండాల్సింది.

బడి హాల్లో ఇప్పటికీ ఉన్న ఫోటోలో కప్పు నా ఒడిలో ఉంది. అతను వెనక వరసలో చివర నిలబడి ఉన్నాడు.

ఈ వ్యాసం రాసేముందు అతనికి ఫోన్ చేసి, నీ గురించి రాయనా అని అడిగాను. “పేరు వద్దులే, రాయి” అన్నాడు. మజ్జిగ సంగతి ఎత్తాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఆ రోజు దాహం బాగా వేసింది, అందుకే తాగాను. ఆ తర్వాత ఆ ఊరు మ్యాచ్‌కి నేను రాలేదు, గమనించావా?” అన్నాడు. నేను గమనించలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఆ మ్యాచ్ ఓడిపోయాం, ఎందుకు ఓడామో ఇన్నేళ్లకు తెలిసింది.

స్వర్ణోత్సవాల సందర్భంగా బడి పిల్లలకు ఆట సామాను ఇవ్వాలని మన సంఘం తలపెట్టింది. నా వంతు నేను ఇస్తున్నాను. దానితోపాటు ఒక మనవి. సామాను ఇచ్చినవారి పేర్లు రాయడానికి గోడ మీద చోటుంది, రాసుకుందాం. కెప్టెన్ ఎవరో మాత్రం ఆడే పిల్లలే చీటీలు వేసి తేల్చుకోనిద్దాం. పొరుగూరికి జట్టు వెళ్లినప్పుడు వెంట వెళ్లే మాస్టారు ముందుగా ఒకటి చూసుకోవాలి: పదకొండు మందికీ పదకొండు గ్లాసులు ఉన్నాయా, లేవా అని.