పల్నాటి కథ – వర్తమానక్రియ

కంసవధమును నటులు రంగమునఁ బ్రదర్శించునపుడు లోకము దానిని వర్తమానక్రియతోఁ జెప్పుచుండును. కంసుఁడు చచ్చి చిరకాలమైనది. ఇప్పుడు చంపఁబడుచున్నాఁడనుట యెట్లు సాధువగును? క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమువాఁడైన పతంజలి, ప్రేరణార్థక ప్రత్యయమును విధించు సూత్రముకడ ఈ శంకను లేవనెత్తి సమాధానమును జెప్పెను. శోభనికులు కన్నులయెదుటనే యా వధమును నడపుదురు. చిత్రపటములందు ఎత్తిన చేతులును బడుచున్న దెబ్బలును గానవచ్చును. గ్రంథికులు వట్టిమాటలచేతనే యా పురుషులను శ్రోతల బుద్ధియందు నిలుపుదురు. కావున మూఁడుచోట్లను వర్తమానము తగును. అంతటితో నాఁగక, కొందఱు కంసపక్షమునను గొందఱు వాసుదేవపక్షమునను జేరుదురనియు, మొగముల రంగులు మాఱుననియు భాష్యకారుఁడు చెప్పినాఁడు. ఈ మాట కథ చెప్పువారికిఁ జెందునో వినువారికిఁ జెందునో యని విద్వాంసులు వాదించుకొనుచున్నారు. సినిమాశాలలోఁ గూర్చుండి చూచినవారికి ఆ వాదము కొంత తేలికగాఁ దీఱును.

చలనచిత్రము శోభనికుని యభినయమును, చిత్రకారుని పటమును, గ్రంథికుని వాక్కును నొక్కచోఁ జేర్చినది. గడచినదానిని వర్తమానముగాఁ జేయు శక్తి దానికి మూఁడింతలు. అయితే కథను వర్తమానముగాఁ జేయువాఁడు తన వర్తమానమునుగూడ దానిలోఁ జొనుపకుండ నుండలేఁడు. ఆలంకారికులు దీనిని దోషముగాఁ దలంపలేదు. ప్రఖ్యాతమైన యితివృత్తమున నాయకునకుఁ గాని రసమునకుఁ గాని విరుద్ధమైన యంశమున్నచో దానిని విడువవచ్చుననియు, వేఱువిధముగాఁ గల్పింపవచ్చుననియు దశరూపకకర్త ధనంజయుఁ డనుమతించెను. చరిత్రకారునకు ఆ యనుమతి లేదు. ఐనను అతఁడు చిత్రమును జూచి, ఇది యబద్ధమని లేచిపోయినచో నష్టపడువాఁ డతఁడే. ఏది మాఱినది, ఎందులకు మాఱినది యను ప్రశ్నలకు ఆ చిత్రమే సాక్ష్యము. తెలుఁగు చిత్రములలో నీ పరీక్షకు 1947లో వెలువడిన 'పల్నాటి యుద్ధం' మిక్కిలి తగినది.

ఆ యుద్ధము పండ్రెండవ శతాబ్ది యుత్తరార్ధమున జరిగినది. గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవరాజు; ఇరువురును అనుఁగురాజు కుమారులు. ఒకరి పక్షమున నాయకురాలు నాగమ్మ, రెండవవారి పక్షమున బ్రహ్మనాయఁడు. కోడిపోరు, మలిదేవాదుల వనవాసము, రాయబారమునకుఁ బోయిన అలరాజు మరణము, తుదకుఁ గార్యమపూఁడి రణరంగము. ఈ కథను ద్విపదగా రచించినవాఁడు శ్రీనాథుఁడని ప్రసిద్ధి. అతఁడు యుద్ధమునకు రెండువందల యేండ్లకుఁ బైఁబడిన తరువాతివాఁడు. ఆ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లోఁ బరిష్కరించి ప్రకటించిరి. కాఁబట్టి చిత్రము చరిత్రమును మార్చినదనుటకు ముందు, చేతిలోనున్న కావ్యమే యొక పునఃకథనమని గుర్తుంచుకొనవలెను. దానికి ప్రక్కన వీరవిద్యావంతుల పాట గలదు. అదియు నేకరూపము గాదు.

ఈ చిత్రమును మొదలిడిన గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో 'మాలపిల్ల'ను, 1939లో 'రైతుబిడ్డ'ను దీసినవారు. మొదటిది అస్పృశ్యతను, రెండవది జమీందారీ పీడనమును విషయముగాఁ గొన్నవి. రైతులపక్షమున నిలిచిన యా రెండవ చిత్రమును నిర్మించిన సారథి సంస్థకు వెన్నుదన్ను చల్లపల్లి జమీందారుగారే యగుట యా కాలపు విచిత్రములలో నొకటి. 'పల్నాటి యుద్ధం' ముగియకముందే, 1946లో, రామబ్రహ్మముగారు గతించిరి. ఎల్.వి. ప్రసాదుగారు దానిని బూర్తిచేసిరి. నాగమ్మగాఁ గన్నాంబ, బాలచంద్రుఁడుగా అక్కినేని నాగేశ్వరరావు, బ్రహ్మనాయఁడుగా గోవిందరాజుల సుబ్బారావు నటించిరి. ఈ సుబ్బారావుగారే 'మాలపిల్ల'లో ఆచారపరుఁడైన సుందరరామశాస్త్రి. హరిజనుల రాకను సహింపని శాస్త్రిగా లోక మెఱిఁగిన మొగమే, తొమ్మిదేండ్లకు, మాలకన్నమదాసును బుత్రునివలెఁ జేరఁదీసిన బ్రహ్మనాయని మొగమైనది. రెండు చిత్రములను జూచినవారి మనస్సులలో నీ రెండు పాత్రలును ఒకదానినొకటి తాఁకకుండ నుండునా?

ఇచ్చటఁ జాపకూడను మాట విచారింపఁదగినది. చాపమీఁదఁ దినెడు కూడు చాపకూడు. నడిమిపదములు లోపించిన సమాసము. సర్వకులములవారును ఒక్క చాపమీఁదఁ గూర్చుండి భుజించుట బ్రహ్మనాయఁడు నెలకొల్పిన యాచారమని కథ చెప్పుచున్నది. అయితే కథలో దాని కున్న సందర్భమును మఱవరాదు. అది వీరుల పంక్తి. రేపు కలసి చావఁబోవువారు నేఁడు కలసి భుజించుచున్నారు. వైష్ణవదీక్షయు, రణమైత్రియు వారి నొక్కటిగాఁ జేసినవి. యుద్ధము లేని దినములలో, ఊరిలో, బావికడ, గుడిముంగిట నా సమత్వ మెంతవఱకు నడచెనో కావ్యమునుబట్టి నిర్ణయించుట సాహసము. ఇరువదవ శతాబ్దమువారికిఁ గావలసినది మాత్రము ఆ బావియు నా గుడియు. 1933-34లో గాంధిగారు హరిజనయాత్రలో నాంధ్రదేశమును దిరిగిరి. సహపంక్తిభోజనములు సంస్కరణమునకు గుర్తులైనవి. చిత్రము వెలువడిన 1947లోనే మదరాసు ప్రభుత్వము హరిజనుల దేవాలయప్రవేశమునకు శాసనము చేసెను. ఇట్టి కాలమున యోధుల వ్రతమైన చాపకూడు పౌరుల హక్కునకు దృష్టాంతమగుట వింత గాదు. మాట మాఱలేదు, అర్థము విస్తరించినది. వైయాకరణులకిది క్రొత్త గాదు.

ఇది వట్టి కల్పనమనుటకును వీలులేదు. కన్నమదాసును సినిమావారు పుట్టింపలేదు. కార్యమపూఁడిలో నేఁటేఁట జరుగు వీరారాధనమున మందపోరునాఁడు చాపకూడు నేఁటికిని నడచుచున్నది. బీజ మున్నచోటనే మొలక లేచినది. కులభేదమే యెఱుఁగని రాజ్యమొకటి నాఁడు మాచెర్లలో వెలసెనని పాఠశాలలలోఁ జెప్పుట మొదలిడినప్పుడు గదా చరిత్రమునకుఁ గీడు. ఆ తప్పు చిత్రమును దీసినవారిది గాదు, చిత్రమును జరిత్రగ్రంథముగాఁ జదివినవారిది.

సోదరులు రాజ్యము పంచుకొని పోరాడిన యీ కథలో దేశవిభజనము ఛాయను జూడఁగోరువారు గలరు. 1947 అను సంవత్సరము వారి నట్లు పురికొల్పును. కాని దర్శకుఁడు గతించుటయే 1946లో. కథయో యెన్ని తరములనుండియో యట్లే యున్నది. తేదీలు దగ్గఱపడినంతమాత్రమునఁ గార్యకారణభావము సిద్ధింపదు.

నాగమ్మ విషయము వేఱు. రాజకార్యములలో మగవారికిఁ దీసిపోని స్త్రీ పండ్రెండవ శతాబ్దమున నుండెననుట సామాన్యమైన వార్త గాదు. ఓరుఁగంట రుద్రమదేవి పట్టమెక్కుట కిది ముందుకాలము. దుర్గాబాయివంటి స్త్రీలు రాజ్యాంగసభలో స్థానము పొందిన దినములలోఁ జిత్రము వెలువడినది. అయినను బ్రహ్మనాయని సంస్కర్తగాఁ బెంచిన యా కాలము, నాగమ్మను మాత్రము కావ్యము పెట్టిన చోటనే, వినాశహేతువుగానే, నిలిపినది. కన్నాంబ గంభీరమైన వాక్కు పాత్రకు గౌరవమును దెచ్చినది గాని న్యాయమును దేలేకపోయినది. కులవిషయమునఁ గథను గదల్చిన చేయి స్త్రీవిషయమునఁ గదలలేదు. సంస్కరణకాలము దేనిని సంస్కరింపఁ దలంపలేదో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన యాధారము దొరకుట కష్టము.

1966లో గుత్తా రామినీడుగారి దర్శకత్వమున ఇదే పేర, ఇదే కథ మరల తెఱకెక్కినది. బ్రహ్మనాయఁడు ఎన్.టి. రామారావు, నాగమ్మ భానుమతి. పందొమ్మిదేండ్లు గడచినవి, నటులు మాఱిరి. అప్పుడును నాగమ్మ ప్రతిపక్షముననే నిలిచినది. పతంజలి చెప్పిన రెండు పక్షములలో నామె పక్షమునఁ జేరి మొగము రంగు మార్చుకొన్న ప్రేక్షకులు ఎందఱుండిరో గాని, చిత్రము వారి కొఱకుఁ దీయఁబడినది గాదు.