పాదం, చీలమండ: సాధారణ రుగ్మతలు, గాయాలు

కాలి పిక్క కింద ఎముకలు పాదంతో కలిసే కీలును చీలమండ అంటారు. నిలబడినా, నడిచినా ఒంటి బరువంతా ఈ కీలు మీదుగా పాదంలోకి దిగుతుంది. పరుగులో ఒక్కో అడుగు నేలను తాకినప్పుడు పాదం మీద పడే భారం శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. అందుకే బెణుకులు, ఎముకలు విరగడం, మడమ నొప్పి, ఆనెకాయలు, పుండ్లు ఇక్కడ తరచుగా కనిపిస్తాయి. నొప్పి ఎక్కడ ఉంది, ఏ వేళలో వస్తోంది, ఎలా మొదలైంది అన్న మూడు ప్రశ్నలతోనే చాలా రుగ్మతల ఆచూకీ దొరుకుతుంది. నొప్పే తెలియని పాదానికి ఈ సౌకర్యం లేదు. అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం దానికే.

నిర్మాణం

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. శరీరంలోని 206 ఎముకల్లో పావు వంతు రెండు పాదాల్లోనే ఉన్నాయన్నమాట. టిబియా, ఫిబ్యులా అనే పిక్క ఎముకల చివర్ల మధ్య టాలస్ అనే ఎముక ఇమిడి చీలమండ కీలు ఏర్పడుతుంది. చీలమండకు అటూ ఇటూ చేతికి తగిలే గుబ్బలు ఆ రెండు ఎముకల చివర్లే. లోపలి గుబ్బ కింద లిగమెంట్ దళసరిగా, గట్టిగా ఉంటుంది. బయటివైపు లిగమెంట్లు అంత బలమైనవి కావు. మడమ ఎముకను పిక్క కండరాలతో కలిపే అఖిలిస్ టెండన్ శరీరంలోని టెండన్లలో కెల్లా పెద్దది, బలమైనది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఉన్న ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ, వింటికి నారిలా పాదం వంపును పట్టి ఉంచుతుంది.

గాయాలు

బెణుకు: గతుకులో అడుగు పడినా, మెట్టు తప్పినా పాదం లోపలికి మడత పడి బయటివైపు లిగమెంట్లు సాగుతాయి, లేదా తెగుతాయి. చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. బయటి గుబ్బ ముందు, కింద వాపు వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చర్మం కమిలి నల్లబడుతుంది. స్వల్పమైన బెణుకు రెండు వారాల్లో సర్దుకుంటుంది. లిగమెంట్ పూర్తిగా తెగితే నెలలు పడుతుంది. నొప్పి తగ్గగానే వ్యాయామాలు మానేసినవారికి అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది.

బెణికిందా, ఎముక విరిగిందా అని తేల్చడానికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో కొన్ని సూత్రాలు ప్రకటించారు. చీలమండ గుబ్బల వెనక అంచున గానీ కొన మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలినప్పుడూ పరీక్షకు వచ్చినప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. పాదం మధ్యలో దెబ్బ తగిలితే చిటికెన వేలి వైపు ఎముక మొదలునూ, లోపలి అంచున ఉండే నావిక్యులర్ ఎముకనూ ఇలాగే నొక్కి చూస్తారు. ఇవేవీ లేకుంటే ఎక్స్‌రే అవసరం దాదాపు ఉండదు.

ఎముకలు విరగడం: చిటికెన వేలి వైపు ఉండే పొడవాటి ఎముక మొదలుకు దగ్గరగా విరగడాన్ని జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. బ్రిటిష్ సర్జన్ రాబర్ట్ జోన్స్ 1902లో దీన్ని వివరించాడు. ఆయన వర్ణించిన రోగుల్లో మొదటివాడు ఆయనే. నాట్యం చేస్తుండగా సొంత పాదం ఎముకే విరిగింది. ఆ చోట రక్త ప్రసారం తక్కువ కనుక ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది. తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికులకూ, సారువ మీంచి పడిన భవన కార్మికులకూ నిలువునా నేలను తాకడం వల్ల మడమ ఎముక నలుగుతుంది. అదే తాకిడి వెన్నెముక దాకా పోతుంది కాబట్టి వీరికి నడుమును కూడా పరీక్షించాలి.

దెబ్బ ఏదీ తగలకుండానే, పదే పదే పడే భారానికి ఎముకలో సన్నని చీలిక రావచ్చు. ఇది స్ట్రెస్ ఫ్రాక్చర్. కవాతు చేసే సైనికుల పాదాల వాపును ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ 1855లో వర్ణించాడు. దానికి మార్చ్ ఫ్రాక్చర్ అనే పేరు నిలిచింది. పోలీసు, సైనిక ఎంపికల కోసం ఉన్నట్టుండి పరుగు పెంచే యువతకూ ఇది రావచ్చు. మొదటి వారాల ఎక్స్‌రేలో చీలిక కనిపించకపోవచ్చు.

అఖిలిస్ టెండన్ తెగడం: ఏళ్ల తర్వాత బ్యాట్ గానీ రాకెట్ గానీ పట్టిన 30, 40 ఏళ్ల మగవారిలో ఎక్కువ. ఎవరో వెనక నుంచి మడమ మీద తన్నినట్టు అనిపిస్తుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. రోగిని బోర్లా పడుకోబెట్టి పిక్కను నొక్కితే పాదం కిందికి వంగాలి. వంగలేదంటే టెండన్ తెగినట్టే లెక్క.

నొప్పులు, వంకరలు

మడమ నొప్పి: ప్లాంటార్ ఫేషియా మడమకు అతుక్కునే చోట దెబ్బతినడం దీనికి ప్రధాన కారణం. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుకు మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. పది అడుగులు నడిస్తే కొంత సర్దుకుని, సాయంత్రానికి మళ్లీ మొదలవుతుంది. ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులా ఎముక కనిపిస్తే దానివల్లే నొప్పి అని చాలామంది భయపడతారు. ఆ ముల్లు నొప్పి లేనివారిలోనూ ఉంటుంది. పిక్కనూ అరికాలినీ సాగదీసే వ్యాయామాలు, మెత్తని చెప్పులు, బరువు తగ్గడం, ఓపిక అనే నాలుగింటితో ఎక్కువమందికి ఏడాది లోపు నయమవుతుంది.

బొటనవేలి వంకర: బొటనవేలు పక్క వేళ్ల వైపు ఒరిగి, దాని మొదట్లో గుబ్బ తేలుతుంది. వంశంలో ఉన్నవారికి ముందు ఇరుకైన బూట్లు దీన్ని మరింత పెంచుతాయి.

గౌట్: రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుంటుంది. తొలి దాడి తరచుగా బొటనవేలి మొదటి కీలు మీదే. అర్ధరాత్రి కీలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది.

చర్మం, గోళ్లు

ఒత్తిడి, రాపిడి పడేచోట చర్మం గట్టిపడి ఆనెకాయ ఏర్పడుతుంది. చెప్పు మార్చకుండా ఆనెను కోసేస్తే అది మళ్లీ వస్తుంది. అరికాలి ఉలిపిరికాయ అలా కాదు, అది వైరస్ వల్ల వస్తుంది. గోరును మూలల్లో లోతుగా కత్తిరిస్తే అంచు కండలోకి దిగి చీము పడుతుంది. నాట్ల కాలంలో రోజంతా బురదలో నానిన వేళ్ల సందులు ఒరిసిపోయి ఫంగస్ చేరుతుంది.

చెప్పుల్లేకుండా పొలం పనిచేసేవారి పాదంలోకి ముల్లుతో పాటు దిగిన క్రిముల వల్ల ఏళ్ల తరబడి వాపు, రంధ్రాలు, గింజల్లాంటి స్రావం ఏర్పడే జబ్బుకు మదురా పాదం అని పేరు. మదురైలో 1842లో నమోదైనందున ఆ పేరు వచ్చింది. కోస్తా ఆంధ్రలో తరతరాలుగా తెలిసిన బోదకాలుకు కారణం దోమ ద్వారా వచ్చే ఫైలేరియా పురుగు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే జ్వరంతో వచ్చే వాపు దాడులు తగ్గుతాయి.

స్పర్శ కోల్పోయిన పాదం

దీర్ఘకాల మధుమేహం పాదాల నరాలను దెబ్బతీస్తుంది. మొదట తిమ్మిర్లు, మంటలు ఉంటాయి, తర్వాత ఏమీ తెలియదు. చెప్పులో రాయి ఉన్నా, అరికాలిలో మేకు దిగినా తెలియక పుండు పడుతుంది. రక్త ప్రసారం కూడా తగ్గి ఉంటే పుండు మానదు, వేలు లేదా పాదం తీసేయాల్సి వస్తుంది. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బుతో రాలిపోవనీ, స్పర్శ లేక తగిలే గాయాలే వాటిని పోగొడతాయనీ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946 నుంచి పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ గ్రహించాడు. మధుమేహ పాదాల చికిత్సకూ ఆ అవగాహనే దారి చూపింది. కుష్ఠు రోగులకు పంచే మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులనే నేడు ఎంసీఆర్ చెప్పులుగా మధుమేహులూ మడమ నొప్పి ఉన్నవారూ తొడుగుతున్నారు.

పరీక్ష తేలిక. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. మధుమేహుల పాదం నొప్పి పెద్దగా లేకుండానే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే ఎముకలు లోపల కుప్పకూలుతున్న షార్కో పాదమని అనుమానించాలి. స్పర్శ పోయినవారికి ఒట్టావా సూత్రాల మీద ఆధారపడకూడదు. అలిపిరి దారిలోని 3,550 మెట్లు ఉత్త కాళ్లతో ఎక్కాలనుకునే మధుమేహులు ముందుగా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవడం మంచిది.

పిల్లల్లో

వెయ్యి మంది శిశువుల్లో ఒకరిద్దరు పాదాలు లోపలికి, కిందికి మెలిదిరిగి పుడతారు. అమెరికాలోని అయోవాలో ఇగ్నాసియో పొన్‌సెటీ రూపొందించిన పద్ధతిలో వారానికో పిండికట్టు చొప్పున నాలుగు నుంచి ఏడు కట్లతో పాదాన్ని సరిచేస్తారు. చాలామందికి అఖిలిస్ టెండన్‌పై చిన్న కోత అవసరమవుతుంది. ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా రాత్రిపూట ప్రత్యేక బూట్లు వేయాలి. బూట్లు మానేస్తే వంకర తిరిగి వస్తుంది. ఇక నడక నేర్చే పిల్లల అరికాళ్లు చదునుగా ఉండడం జబ్బు కాదు, వంపు తర్వాత ఏర్పడుతుంది.

ప్రథమ చికిత్స

బెణికిన కాలికి విశ్రాంతి ఇచ్చి, గుడ్డలో చుట్టిన ఐసును 15, 20 నిమిషాలు పెట్టి, సాగే పట్టీ చుట్టి, కాలును దిండు మీద ఎత్తుగా ఉంచాలి. మొదటి రెండు రోజులు నూనె రాసి మర్దన చేయకూడదు, కాపడం పెట్టకూడదు. పిండికట్టయినా నాటుకట్టయినా వేసిన తర్వాత వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి పెరుగుతూ పోయినా వెంటనే విప్పించి వైద్యుడికి చూపించాలి.

మధుమేహం ఉన్నవారు రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకుని చూడవచ్చు, చూపు ఆననివారు ఇంట్లోవారిని అడగవచ్చు. చెప్పులు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడమాలి. నొప్పి లేదన్న కారణంతో ఏ పుండునూ వదిలేయకూడదు.