వంపు లేని అద్దం

డాబా మీద డిష్ యాంటెన్నా గుంట పళ్లెంలా ఎందుకుంటుంది? ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం అంచున పడినా, లోపలివైపు పడినా, ఎదురుగా ఉన్న గ్రాహకం దగ్గరికి ఒకే లయలో చేరాలి. అందరి నడకా సమానం చేసేది ఆ వంపే.

ఆ వంపు లేకుండా అదే పని జరుగుతుందని 1963లో అమెరికాలో బెర్రీ, మలెక్, కెన్నెడీ చూపించారు. ఒక చివర మూసేసిన లోహపు గొట్టాలను తేనెపట్టు గదుల్లా పక్కపక్కనే పేర్చారు. పైన మూతులన్నీ ఒకే మట్టం, లోతులు మాత్రం వేరు. తరంగం గొట్టంలోకి దిగి, అడుగుకు తగిలి వెనక్కి వస్తుంది. లోతు ఎక్కువైతే రాక ఆలస్యం. ఆలస్యాలను లెక్కగా పంచితే చదును పలకే డిష్ అవుతుంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ గొట్టాల ఆలోచనే. దాని పేరు రిఫ్లెక్టరే.

పదార్థం కన్నా అమరికే తరంగాన్ని నడిపిస్తుందన్న ఊహ ఇంకా పాతది. 1898లో కలకత్తాలో జగదీశ్‌చంద్ర బోస్ జనపనారను మెలిపెట్టి, దాని గుండా పోయే తరంగం కంపించే దిశను తిప్పి చూపారు.

గొట్టాలు బరువు. తర్వాత వాటి చోట సర్క్యూట్ బోర్డు మీద ముద్రించిన రాగి బిళ్లలు వచ్చాయి. బిళ్ల కాస్త పెద్దదైతే దాని ఊపు వెనకబడుతుంది, చిన్నదైతే ముందుంటుంది. లోతు చేసిన పని ఇప్పుడు కొలత చేస్తుంది.

2011లో హార్వర్డ్‌లో ఫెడెరికో కపాసో బృందం ఇదే కిటుకును పరారుణ కాంతికి తెచ్చింది. సిలికాన్ మీద ఆంగ్ల ‘వి’ ఆకారపు బంగారు తునకలు పరిస్తే, కాంతి పడిన కోణంలో కాక వేరే కోణంలో పరావర్తనం చెందింది. బడిలో నేర్చిన సూత్రం తప్పు కాలేదు. అడుగడుగునా ఆలస్యం మారే తలం కోసం అందులో ఇంకో పదం చేరింది. ఇలాంటి తలాలకు మెటాసర్ఫేస్ అనే మాట అక్కడి నుంచి ఊపందుకుంది. 2014లో చైనాలోని నాన్‌జింగ్‌లో టియె జున్ త్సుయ్ బృందం బిళ్లలకు డయోడ్లు జోడించి, 0, 1 అంకెలతో పలక తీరును అప్పటికప్పుడు మార్చే దారి చూపింది.

2018 నవంబర్ 26న ఇన్‌సైట్ నౌక అంగారకుడి మీద దిగింది. పక్కనే ఎగురుతున్న మార్కో జంట బుల్లి నౌకలు ఒక్కోటి బ్రీఫ్‌కేసంత. డిష్‌కు చోటేది? ఒక్కోదాని మీద మూడు చదును రిఫ్లెక్టరే పలకలు మడతవిప్పి నిలిచాయి. దుమ్ము చుక్కలు పడ్డ కెమెరా మూతలోంచి ఇన్‌సైట్ తీసిన తొలి ఫొటో, సుమారు 14.6 కోట్ల కిలోమీటర్లు దాటి, వాటి మీదుగానే భూమికి చేరింది.