బతికుండగానే అమలయ్యే వీలునామా

ఆస్తిపాస్తులకు వీలునామా రాయడం మనకు ఎప్పటినుంచో అలవాటే. సొంత ఒంటికి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే అవసరం వెంటిలేటర్లతోనే వచ్చింది. 1969లో షికాగో న్యాయవాది లూయిస్ కట్నర్ ఒక లా జర్నల్‌లో లివింగ్ విల్ ఆలోచనను ముందుకు తెచ్చాడు. 1976లో కాలిఫోర్నియా అలాంటి పత్రానికి చట్టబద్ధత ఇచ్చింది.

మన దగ్గర ఈ చర్చ ఆత్మహత్యాయత్నం నేరమా కాదా అన్న ప్రశ్నతో ముడిపడిపోయింది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో, జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే గౌరవంగా కన్నుమూయడం గౌరవంగా బతకడంలో భాగమేనని అదే తీర్పు ఒప్పుకుంది. ఆ మాటకు అసలు విలువ తర్వాత చాలా ఏళ్లకుగానీ తెలియలేదు.

2004లో హైదరాబాద్ చెస్ ఆటగాడు కె. వెంకటేశ్ కండరాల క్షీణతతో ఆసుపత్రిలో ఉన్నాడు. అవయవాలు పాడవకముందే దానం చేస్తానని అడిగాడు. అతని తల్లి హైకోర్టుకు వెళ్లింది. బ్రెయిన్ డెడ్ కాని మనిషి నుంచి అలా అవయవాలు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, కోర్టు కాదంది. తన కోరిక తానే స్పష్టంగా చెప్పగలిగిన మనిషి పరిస్థితి అది.

అరుణా షాన్‌బాగ్‌కు ఆ అవకాశమూ లేదు. 1973 నవంబర్‌లో, తాను నర్సుగా పనిచేసే ముంబై కేఈఎం ఆసుపత్రిలోనే జరిగిన పాశవిక దాడిలో ఆమె మెదడు దెబ్బతింది. అక్కడి నర్సులు ఒకరి తర్వాత ఒకరు దశాబ్దాలపాటు తినిపించారు, శుభ్రం చేశారు, కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆహారం ఆపేయాలని పాత్రికేయురాలు పింకీ విరానీ కోరితే, అరుణను బతకనివ్వాలని ఆసుపత్రి సిబ్బంది పట్టుబట్టారు. 2011లో సుప్రీంకోర్టు సిబ్బంది మాటకే విలువిచ్చింది. హైకోర్టు అనుమతితో వైద్యం ఆపవచ్చన్న దారిని మాత్రం అదే తీర్పులో తెరిచింది. 2015లో అరుణ న్యుమోనియాతో చనిపోయింది. ఇరుపక్షాలదీ ప్రేమే. కానీ ఆమె ఏం కోరుకునేదో వాళ్లలో ఎవరూ చెప్పలేకపోయారు. ముందే రాసిపెట్టిన కాగితం ఎందుకు కావాలో నాకు ఈ కేసు చెప్పినంత బలంగా మరేదీ చెప్పలేదు.

2018 మార్చి 9న, కామన్ కాజ్ సంస్థ వేసిన పిటిషన్‌పై అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లివింగ్ విల్‌ను గుర్తించింది. దుర్వినియోగం జరుగుతుందన్న భయంతో పెట్టిన షరతులు మాత్రం సామాన్యుడికి అందనివి. పత్రంపై మేజిస్ట్రేట్ సంతకం కావాలి. ఇరవై ఏళ్ల అనుభవమున్న వైద్యులతో ఆసుపత్రి బోర్డు, దానిపై కలెక్టర్ వేసే మరో బోర్డు, ఆపైన మేజిస్ట్రేట్ స్వయంగా వచ్చి రోగిని చూడటం. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబం ఇన్ని గడపలు ఎక్కగలదా?

2023 జనవరిలో కోర్టే ఆ ముడులు సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. వైద్యుల అనుభవం అయిదేళ్లుంటే సరిపోతుంది. రెండు బోర్డులూ వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. మేజిస్ట్రేట్‌కు సమాచారమిస్తే చాలు. పత్రం నకలు పంచాయతీ లేదా మున్సిపాలిటీ అధికారికి ఇవ్వాలి. మనకు మాట పడిపోయాక మన తరఫున నిర్ణయం చెప్పేవారి పేర్లు ఒకటికి మించి రాసుకోవచ్చు.

డబ్బు విషయానికొస్తే చట్టం ఇంకా వెనకే ఉంది. పిల్లలకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారమూ ముగిసినట్టే. అంటే సరిగ్గా అవసరం పడిన రోజునే అది చెల్లకుండా పోతుంది. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించే పద్ధతిని 2019లో కేరళ హైకోర్టు ఒక తీర్పులో వివరించింది. భర్త ఖాతాలోని డబ్బుతోనే భర్తకు వైద్యం చేయించడానికి భార్య కోర్టు మెట్లెక్కాల్సి రావడం అన్యాయం. తెలివి తప్పాక కూడా చెల్లే అధికార పత్రానికి పార్లమెంటు చట్టం చేయాలి. అప్పటిదాకా జాయింట్ ఖాతాను ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో పెట్టుకుంటే, కనీసం ఆసుపత్రి బిల్లుకైనా భార్య చెక్కు రాయగలుగుతుంది.