నాటు మొక్క మీద అంటు: మన ఫోన్ల చరిత్ర



మా నూజివీడు వైపు తోటపనికి వెళ్లినవాళ్లకి తెలుసు, బంగినపల్లి అంటుని టెంక నుంచి మొలిచిన నాటు మొక్క మీదే కడతారు. సంతలో కాయకి బంగినపల్లి పేరే, నాటు మొక్కని అడిగేవాడు ఉండడు. ఆపిల్, ఆండ్రాయిడ్‌ల చరిత్ర చదువుతుంటే మాకు ఇదే గుర్తొచ్చింది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టింది. బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు దానికి ఎంతో చేర్చి బీఎస్‌డీ పేరుతో పంచారు. 1980ల్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మాక్ అనే కెర్నల్ తయారైంది (ఆపిల్ వాళ్ల మ్యాక్ వేరు, ఇది వేరు). ఏ యాప్‌కి ఎంత మెమరీ ఇవ్వాలో చూసుకునేది కెర్నలే. స్టీవ్ జాబ్స్ ఆపిల్ నుంచి బయటికొచ్చి పెట్టిన నెక్స్ట్ కంపెనీ ఈ రెండిటి మీదే తన సిస్టం కట్టింది. కొత్త సిస్టం సొంతంగా చేయబోయి కుదరక ఆపిల్ 1996 చివర్లో నెక్స్ట్‌ని కొనడానికి ఒప్పుకుంది. 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్, 2007లో వచ్చిన ఐఫోన్ ఆ వేరు మీదివే.

ఇది దొంగతనం కాదు. మా పేరు తీసేయకండి, మార్చుకోండి, అమ్ముకోండి, తిరిగి ఇవ్వక్కర్లేదు అని బీఎస్‌డీ లైసెన్సే చెప్పింది. ఆపిల్ 1999లో అడుగు భాగాన్ని డార్విన్ పేరుతో బయటపెట్టింది. పైన మనకి కనిపించేదంతా మూసే ఉంచింది.

లైనక్స్ కథ వేరు. 1991లో దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకిలో స్టూడెంటు, వయసు 21. అంటే మనకంటే ఒక ఏడాదో రెండేళ్లో పెద్ద, అంతే! జీపీఎల్ లైసెన్స్‌లో షరతు ఉంది: మార్చి ఎవరికైనా ఇస్తే, ఆ మార్చిన కోడ్ కూడా వాళ్లకి ఇవ్వాలి. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నది ఈ కెర్నలే. అయినా ప్లే స్టోర్ లాంటివి గూగుల్ చేతిలోనే ఉన్నాయి.

మనకెందుకంటారా? 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. అక్షరాలు గీసే ఆ కోడ్ మూసిన భాగంలోది. తెలుగు ఇంజినీర్లు ఎంతమంది ఉన్నా కంపెనీ అప్‌డేట్ ఇచ్చేదాకా ఆగాల్సిందే. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసే హార్ఫ్‌బజ్ ఓపెన్ కోడ్, తప్పుంటే ఎవరైనా సరిచేసి పంపొచ్చు.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి కూడా 2018లోనే యూనికోడ్‌లో చేరింది. దానికి నోటో ఫాంటు ఓపెన్ లైసెన్స్‌తో ఉచితంగా దొరుకుతోంది. ఆ లిపి చదవగలిగినవాళ్లు మన గ్రూపులో ఉంటే దించుకుని చూడండి, ఏ అక్షరం సరిగా రావట్లేదో కింద రాయండి.